రక్తంలో వైరస్ గుర్తులు, ఆసుపత్రిలో చేరిన పిల్లల జబ్బు తీవ్రత: ఖరగ్‌పూర్ నేపథ్యంలో

వైరస్ జ్వరంతో ఆసుపత్రిలో చేరిన పిల్లల రక్తంలో ఆ వైరస్ తాలూకు జన్యు పదార్థాన్నో, ప్రొటీన్‌నో, దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలనో పట్టిచూపే పరీక్షలను కలిపి వైరస్ గుర్తుల పరీక్షలు అంటారు. జబ్బు పేరు చెప్పడం వీటి మొదటి పని. ఆ జబ్బు ఈ బిడ్డకు ఎంతవరకు ముదురుతుందో ముందే చెప్పడం రెండో పని. మొదటి పని ఇవి బాగా చేస్తాయి. రెండో పని మాత్రం వైరస్‌ను బట్టి, బిడ్డ వయసును బట్టి, అన్నిటికన్నా ముఖ్యంగా రక్తం తీసిన రోజును బట్టి మారిపోతుంది. డెంగీలో వైరస్ ఎక్కువున్న పిల్లలకు ప్రమాదం కొంత ఎక్కువే; కానీ ఆ ప్రమాదం బయటపడేది రక్తంలో వైరస్ తగ్గిపోతున్న రోజుల్లో. పుట్టుకతో హెపటైటిస్ బీ సోకిన పిల్లల రక్తంలో వైరస్ కోట్లలో ఉన్నా వాళ్లు ఆడుతూ పాడుతూ తిరుగుతారు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌తో స్పృహ తప్పిన బిడ్డ రక్తంలో వైరస్ దాదాపు దొరకనే దొరకదు.

ఆపరేషన్లకు ముందు మన ఆసుపత్రుల్లో వైరల్ మార్కర్స్ అని రాసిచ్చేవి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ పరీక్షలు మాత్రమే. ఈ వ్యాసం పరిధి అంతకన్నా పెద్దది.

ఖరగ్‌పూర్ ఎందుకు

పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో ఉన్న ఖరగ్‌పూర్ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కట్టిన ఊరు. వర్క్‌షాప్‌లో, లోకో షెడ్లలో, లైన్ల మీద పనికోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్నాయి. నింపురా, మథురాకాటి వంటి రైల్వే కాలనీల్లో ఇవాళ్టికీ ఇంట్లో ఉత్తరాంధ్ర తెలుగు, బజారులో హిందీ, ఆసుపత్రిలో బెంగాలీ వినబడతాయి. బిడ్డకు జ్వరం వస్తే రైల్వే ఉద్యోగులు రైల్వే ఆసుపత్రికి వెళతారు. మిగతావాళ్లకు చాంద్‌మారీలోని సబ్‌డివిజనల్ ఆసుపత్రి ఉంది, కంసావతి నది అవతల మేదినీపూర్ మెడికల్ కాలేజీ ఉంది. ఇంకా ముదిరితే రైల్వేవాళ్లను కోల్‌కతా గార్డెన్ రీచ్‌లోని కేంద్ర ఆసుపత్రికి పంపుతారు.

ఈ ఊరు పిల్లల వైరస్ జబ్బుల చరిత్రలో రెండు ముఖ్యమైన ఘట్టాలు జరిగిన చోట్లకు దగ్గర్లో ఉంది. మొదటిది డెంగీ. భారతదేశంలో ప్రయోగశాలలో రుజువైన తొలి డెంగీ రక్తస్రావ జ్వరాల మహమ్మారి 1963-64లో కోల్‌కతాలో వచ్చింది, అక్కడి నుంచి తూర్పు తీరం వెంట పాకింది. విశాఖపట్నంలో వచ్చిన డెంగీ తరహా జ్వరాల మీద 1965లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వ్యాసాలు వచ్చాయి. కోల్‌కతాను, విశాఖను కలిపే రైలుమార్గం ఖరగ్‌పూర్ గుండానే పోతుంది. రెండో సంగతి జపనీస్ ఎన్‌సెఫలైటిస్. ఆ జబ్బు దేశంలో మొదటిసారి పెద్దఎత్తున విరుచుకుపడింది 1973లో బాంకురా, బర్ద్వాన్ జిల్లాల్లో. బాంకురా పశ్చిమ మేదినీపూర్‌కు పక్క జిల్లా.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు విశాఖ వైపు పోయే ఆ రైలుమార్గంతో నిత్యం పని ఉంది. పెళ్లిళ్లకూ సంక్రాంతికీ వేసవి సెలవులకూ పిల్లలు ఉత్తరాంధ్రకు వెళ్లి వస్తుంటారు. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి, ఏ ఏడాది ఏ ఊళ్లో ఏ రకం తిరుగుతుందో ముందే చెప్పలేం. 2017-18లో దేశమంతటా జరిపిన రక్తపరీక్షల సర్వేలో 5-8 ఏళ్ల పిల్లల్లో 28.3 శాతానికి అప్పటికే ఒకసారి డెంగీ సోకినట్టు తేలింది. అన్ని వయసులూ కలిపి దక్షిణాది రాష్ట్రాల్లో ఆ శాతం 76.9. ఒక చోట ఒక రకం సోకిన బిడ్డకు మరో చోట మరో రకం సోకే అవకాశం రెండు ఊళ్ల మధ్య తిరిగే కుటుంబాల్లో ఎక్కువ. రెండోసారి సోకిన డెంగీ ఎందుకు ప్రమాదమో కింద వివరంగా ఉంది.

ఏమేమి వెతుకుతారు

రక్తంలో వైరస్ ఆనవాళ్లు మూడు రకాలు. మొదటిది వైరస్ జన్యు పదార్థం. దీన్ని ఆర్‌టీ-పీసీఆర్‌తో పట్టుకుంటారు. ఈ పరీక్షలో ప్రతి ఆవృత్తిలోనూ నమూనాలోని జన్యు పదార్థం రెట్టింపవుతుంది. ఎన్ని ఆవృత్తుల తర్వాత యంత్రం దాన్ని గుర్తించిందో ఆ అంకెను సీటీ విలువ అంటారు. సీటీ తక్కువగా ఉంటే వైరస్ ఎక్కువున్నట్టు, సుమారు 3.3 ఆవృత్తుల తేడా అంటే వైరస్ పదిరెట్లు తేడా. 35 వచ్చింది, 18 కన్నా ముదిరింది కాబోలని కంగారుపడే తల్లిదండ్రులకు ఈ తిరగబడ్డ లెక్కను ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

రెండోది వైరస్ విడుదల చేసే ప్రొటీన్లు. డెంగీలో ఎన్‌ఎస్1, హెపటైటిస్ బీలో ఉపరితల యాంటిజెన్ ఈ కోవలోవి. మూడోది యాంటీబాడీలు: ఇటీవలి సోకుడుకు ఐజీఎం, పాత సోకుడుకు ఐజీజీ. యాంటీబాడీలు వైరస్ కావు, దానికి ఒళ్లు ఇచ్చిన జవాబు. కానీ చాలా జబ్బుల్లో ఆసుపత్రికి వచ్చేసరికి మిగిలే సాక్ష్యం అదొక్కటే.

డెంగీ

రక్తంలోని వైరస్‌కూ జబ్బు తీవ్రతకూ ఉన్న సంబంధాన్ని పిల్లల్లో ఎక్కువగా పరిశీలించింది డెంగీలోనే. ఖరగ్‌పూర్ ఆసుపత్రుల్లో వర్షాకాలం నుంచి చలి మొదలయ్యేదాకా పిల్లల వార్డుల్లో అందరి నోటా వినబడే పేరూ అదే.

డెంగీ జ్వరం మూడు దశల్లో నడుస్తుంది. మొదటి మూడు నాలుగు రోజులు తీవ్రమైన జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లునొప్పులు. ఆ రోజుల్లో రక్తంలో వైరస్ మిల్లీలీటరుకు లక్షల నుంచి కోట్ల దాకా ఉండొచ్చు. తర్వాత, సుమారుగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, జ్వరం దిగుతుంది. ఒళ్లు చల్లబడింది, గండం గడిచింది అని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునే సమయం ఇదే. కొందరు పిల్లల్లో సరిగ్గా ఇప్పుడే రక్తనాళాల గోడల నుంచి ప్లాస్మా కారడం మొదలవుతుంది. ఈ దశ 24 నుంచి 48 గంటలు ఉంటుంది. పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతుంది, రక్తం చిక్కబడుతుంది, నాడి బలహీనపడుతుంది. పట్టించుకోకపోతే బిడ్డ షాక్‌లోకి జారిపోతుంది. మూడోది కోలుకునే దశ. కారిన నీరు తిరిగి రక్తంలోకి వస్తుంది. ఆ సమయంలో సెలైన్ ఇంకా ఎక్కిస్తూనే ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు నిండి కొత్త ప్రమాదం వస్తుంది.

కాబట్టి వైరస్ తారస్థాయి ఒక రోజున, ప్రమాదం తారస్థాయి మరో రోజున. ప్రమాదం ఎక్కువున్న రోజున రక్తం తీసి వైరస్ కొలిస్తే అది చాలా తక్కువగా కనబడవచ్చు, అసలు కనబడకనూ పోవచ్చు. వైరస్ పరిమాణానికీ తీవ్రతకూ సంబంధం లేదని అనిపించే లెక్కలు చాలావరకు ఈ రోజుల తేడాను పట్టించుకోని లెక్కలే.

రోజును సరిగ్గా లెక్కలోకి తీసుకుంటే సంబంధం కనబడుతుంది. థాయిలాండ్ పిల్లలను జ్వరం మొదలైన తొలి రోజుల నుంచి గమనించి 2000లో ప్రచురించిన పరిశోధన, తొలిరోజుల్లో వైరస్ ఎక్కువున్న పిల్లలకు తర్వాత డెంగీ తీవ్రరూపం దాల్చే అవకాశం ఎక్కువని చూపింది. అక్కడి పిల్లల మీదే 2002లో వచ్చిన మరో పరిశోధన ఎన్‌ఎస్1ను కొలిచింది. రెండో రకం వైరస్ సోకిన పిల్లల్లో, జ్వరం మొదలైన 72 గంటల్లోపు ఎన్‌ఎస్1 మిల్లీలీటరుకు 600 నానోగ్రాములు దాటినవాళ్లు రక్తస్రావ జ్వరంలోకి వెళ్లే ప్రమాదం ఎక్కువని తేల్చింది. 2021లో వియత్నాం నుంచి 5,642 మంది రోగుల వివరాలతో వచ్చిన విశ్లేషణ ఇంకా స్పష్టమైనది. వైరస్ రకం ఏదైనా, అది మొదటి సోకుడైనా రెండోదైనా, జ్వరం దశలో వైరస్ ఎక్కువుంటే ప్లాస్మా కారడం, జబ్బు ముదరడం ఎక్కువని అది చెప్పింది. అయితే పెరుగుదల మోస్తరుగానే ఉంది. వైరస్ ఎక్కువున్న పిల్లల్లో అత్యధికులు మామూలుగా కోలుకుంటారు, తక్కువున్నవాళ్లలో కొందరు షాక్‌లోకి వెళతారు. గుంపు గురించి చెప్పడానికి ఈ అంకె పనికొస్తుంది; మంచం మీదున్న ఒక్క బిడ్డ గురించి తీర్పు చెప్పడానికి చాలదు.

ఎన్‌ఎస్1 ఒట్టి ఆనవాలు కాదు, అదే హాని చేస్తుందని 2015లో ప్రచురితమైన రెండు పరిశోధనలు చూపాయి. రక్తనాళాల లోపలి పొరను అది వదులు చేస్తుంది, టీఎల్‌ఆర్4 అనే గ్రాహకం ద్వారా వాపు కలిగించే రసాయనాలను రేపుతుంది. తీవ్రతతో దానికున్న సంబంధానికి ఇలా ఒక కారణం దొరికింది.

రెండోసారి సోకినప్పుడు

ఒక రకం డెంగీ వచ్చి తగ్గిన బిడ్డకు ఆ రకం నుంచి దీర్ఘకాలం రక్షణ ఉంటుంది. వేరే రకం సోకితే మాత్రం పాత యాంటీబాడీలు దాన్ని చంపలేక, దానికి అతుక్కుని, తెల్ల కణాల్లోకి మరింత తేలిగ్గా చొరబడేందుకు దారి ఇస్తాయి. అమెరికన్ శాస్త్రవేత్త స్కాట్ హాల్‌స్టెడ్ ఆగ్నేయాసియా పిల్లలను చూసి ముందుకు తెచ్చిన ఈ వాదానికి 2017లో నికరాగ్వా పిల్లల నుంచి బలమైన ఆధారం దొరికింది. అక్కడ పాత యాంటీబాడీలు బాగా ఎక్కువున్న పిల్లలకు రక్షణ ఉంది, అసలు లేనివాళ్లకు తీవ్రత తక్కువ. మధ్యస్థంగా, చాలీచాలకుండా ఉన్నవాళ్లకే తీవ్ర డెంగీ ఎక్కువ వచ్చింది. తల్లినుంచి వచ్చిన యాంటీబాడీలు తగ్గుతూ పోయే 6 నుంచి 12 నెలల చంటిపిల్లల్లో మొదటి సోకుడే తీవ్రంగా ఉండడానికి కారణం కూడా ఇదే.

టీకా చరిత్రలోనూ ఈ పాఠం ఉంది. ఫిలిప్పీన్స్‌లో 2016 నుంచి లక్షల మంది బడిపిల్లలకు ఇచ్చిన డెంగ్‌వ్యాక్సియా టీకా, అంతకుముందు డెంగీ సోకని పిల్లల్లో తర్వాత ఆసుపత్రి పాలయ్యే ప్రమాదాన్ని పెంచుతుందని 2017 చివర్లో తయారీదారు ప్రకటించాక ఆ కార్యక్రమం ఆగిపోయింది. ఎవరికి ముందే సోకిందో వేరుచేసి చూడగలిగింది నిల్వ ఉంచిన రక్తనమూనాల్లోని యాంటీబాడీల వల్లనే.

ఇక ఎన్‌ఎస్1ను పట్టుకోవడానికి ఆసుపత్రిలో వాడే కార్డు పరీక్ష సంగతి. రెండోసారి సోకిన బిడ్డలో పాత యాంటీబాడీలు ఎన్‌ఎస్1ను చుట్టేస్తాయి, అందువల్ల కార్డు త్వరగా నెగెటివ్ అవుతుంది. అంటే ఎవరికి ప్రమాదం ఎక్కువో వాళ్లలోనే పరీక్ష ముందుగా మూగబోతుంది. ఎన్‌ఎస్1 నెగెటివ్ కాబట్టి డెంగీ కాదని చీటీ చూపించి బిడ్డను ఇంటికి తీసుకెళ్లడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. సుమారు ఐదో రోజు నుంచి ఐజీఎం కనబడుతుంది. ఐజీజీ మొదటి రోజుల్లోనే ఎక్కువగా ఉంటే రెండో సోకుడని అనుమానించాలి. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తయారుచేసే ఐజీఎం ఎలైజా కిట్లు ప్రభుత్వ నిఘా ఆసుపత్రులకు అందుతాయి. డెంగీ నియంత్రణ జాతీయ కార్యక్రమం నిర్ధారణకు ఎన్‌ఎస్1 ఎలైజాను, ఐజీఎం ఎలైజాను గుర్తిస్తుంది. కార్డు పరీక్షను ఒక్కదాన్నే ఆధారంగా తీసుకోదు. కార్డు మీద గీత ముదురుగా పడిందా లేతగా పడిందా అన్నదాన్ని బట్టి తీవ్రతను అంచనా వేయడానికి ఏ ఆధారమూ లేదు.

కౌంటు కన్నా పీసీవీ

తెలుగు ఇళ్లలో డెంగీ అంటే ప్లేట్‌లెట్ల కౌంటు. పొద్దున ఎంత, సాయంత్రం ఎంత అని బంధువులు ఫోన్లలో అడిగేది అదే. కౌంటు పడిపోవడం ఒక సూచనే, కానీ పిల్లలను ఎక్కువగా చంపేది ప్లాస్మా కారడం. దాన్ని చూపేది రక్తం చిక్కదనాన్ని చెప్పే, రిపోర్టులో పీసీవీ అని రాసే హెమటోక్రిట్. బిడ్డ మామూలు స్థాయి నుంచి అది 20 శాతం పెరిగితే ప్లాస్మా కారుతున్నట్టే. ఇక్కడ మన ప్రాంతానికి ఒక చిక్కు ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పశ్చిమ బెంగాల్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు 70 శాతానికి రక్తహీనత ఉంది, తెలంగాణలోనూ పరిస్థితి అంతే. మామూలుగా 30 ఉండే బిడ్డకు 37 వచ్చిందంటే రిపోర్టులో అది సాధారణంగానే కనబడుతుంది, నిజానికి ఆ బిడ్డ రక్తం ప్రమాదకరంగా చిక్కబడింది. అంతకుముందు ఎప్పుడో తీసిన రక్తపరీక్ష చీటీ ఇంట్లో ఉంటే దాని విలువ అప్పుడు తెలుస్తుంది.

రక్తస్రావం లేని పెద్దవాళ్లకు కౌంటు 20,000 లోపు పడినంత మాత్రాన ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల లాభం లేదని సింగపూర్, మలేసియాల్లో జరిగి 2017లో ప్రచురితమైన పరీక్ష తేల్చింది. పిల్లలకు కూడా అంకెను చూసి ఎక్కించే అలవాటును వైద్యులు వదులుకుంటున్నారు. డెంగీ వైరస్‌ను చంపే మందు వాడకంలో లేదు. చికిత్స అంటే సరైన సమయంలో, సరైన మోతాదులో ద్రవాలు, జ్వరానికి పారాసెటమాల్, గంటగంటకూ కనిపెట్టుకుని ఉండే నర్సు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇవ్వకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన హెచ్చరిక లక్షణాలు ఏ యంత్రమూ లేకుండా చూడగలిగేవి: తగ్గని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మత్తుగా పడి ఉండడం లేదా చిరాకు, కాలేయం ఉబ్బడం, ఒంట్లో నీరు చేరడం. వీటితోపాటు చేతులూ కాళ్లూ చల్లబడితే, గోరు నొక్కి వదిలాక ఎరుపు తిరిగి రావడానికి రెండు సెకన్లు దాటితే, రక్తపోటులో పై అంకెకూ కింది అంకెకూ తేడా 20కి పడిపోతే ఇక ఒక్క క్షణం ఆగకూడదు. ఊబకాయం ఉన్న పిల్లల్లో తీవ్ర డెంగీ కొంత ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి.

రక్తంలో దొరకని వైరస్‌లు

జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ వరిపొలాల్లో పెరిగే క్యూలెక్స్ దోమల ద్వారా, పందులూ కొంగల మీదుగా మనుషులకు చేరుతుంది. రక్తంలో అది కొద్ది రోజులే, అదీ కొద్ది మొత్తంలో ఉంటుంది. ఫిట్స్ వచ్చి, స్పృహ తప్పి బిడ్డ ఆసుపత్రికి చేరేసరికి వైరస్ రక్తాన్ని వదిలి మెదడులో ఉంటుంది. అందుకే రక్తంలో పీసీఆర్ చేస్తే దాదాపు ఎప్పుడూ నెగెటివ్. వెన్ను నుంచి తీసిన నీటిలో ఐజీఎం వెతకడమే నిర్ధారణకు దారి. తీవ్రతను చెప్పేది బిడ్డ స్పృహ, ఫిట్స్, మెదడులో ఒత్తిడి. మెదడువాపు వచ్చినవాళ్లలో 30 శాతం దాకా చనిపోవచ్చు, బతికినవాళ్లలో చాలామందికి నడక, మాట, చదువు దెబ్బతింటాయి. ఈ జబ్బుకు టీకా ఉంది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ 2013లో జెన్‌వ్యాక్‌ను తెచ్చింది.

చాందీపురా వైరస్ దీనికి భిన్నం. 1965లో మహారాష్ట్రలో నాగ్‌పూర్ దగ్గరి చాందీపురా అనే ఊళ్లో మొదట దొరికిన ఈ వైరస్‌ను చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2003 వేసవిలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చి 183 మంది చనిపోయారు. కరీంనగర్, వరంగల్ ప్రాంతాల పిల్లలు ఎక్కువగా బలయ్యారు. పుణె జాతీయ వైరాలజీ సంస్థ ఆ పిల్లల నమూనాల్లో చాందీపురాను గుర్తించింది. ఇసుక ఈగలు మోసే ఈ వైరస్ సోకితే జ్వరం మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ఇంత వేగంలో యాంటీబాడీలు పుట్టడానికే సమయం ఉండదు. అందుకే ఐజీఎం లేదని ఊరుకోకుండా రక్తంలో ఆర్‌ఎన్‌ఏ కోసం వెతకాలి. 2024లో గుజరాత్‌లో ఇది మళ్లీ పిల్లలను పొట్టన పెట్టుకుంది.

ఊపిరితిత్తుల వైరస్‌లు

2023 మొదటి నెలల్లో కోల్‌కతా పిల్లల ఆసుపత్రులు అడినోవైరస్ రోగులతో నిండిపోయాయి. కోల్‌కతాలోని కలరా, ఆంత్ర వ్యాధుల జాతీయ సంస్థ ఆ నమూనాల్లో 7, 3 రకాలు కలిసిన వైరస్‌ను గుర్తించింది. ఈ జబ్బులో ముక్కు, గొంతు నమూనాలతోనే నిర్ధారణ జరుగుతుంది. వైరస్ రక్తంలోకి చేరిందంటే ఊపిరితిత్తులు దాటి విస్తరించిందని అర్థం. క్యాన్సర్ చికిత్సలోనో ఎముక మజ్జ మార్పిడి తర్వాతో రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లల్లో ఇది గట్టి హెచ్చరిక. వాళ్లలో రక్తంలోని వైరస్ వారంవారం పెరుగుతోందా తగ్గుతోందా అని చూస్తారు. ఆరోగ్యంగా ఉండి జబ్బుపడ్డ పిల్లల్లో దీని విలువ అంత తేలలేదు. ఏడు దేశాల్లో న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరిన పిల్లల మీద జరిగి 2019లో వెలువడిన పెర్చ్ అధ్యయనం ఆర్‌ఎస్‌వీ అనే శ్వాసకోశ వైరస్ అన్నిటికన్నా పెద్ద కారణమని చెప్పింది. అక్కడ కూడా తీవ్రతను చెప్పేవి ఊపిరి వేగం, డొక్కలు ఎగరేయడం, ఆక్సిజన్ శాతం.

కోవిడ్‌లో పెద్దవాళ్ల రక్తంలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ కనబడితే జబ్బు తీవ్రమని తేలింది. పిల్లల సంగతి వేరు. సోకిన 2 నుంచి 6 వారాల తర్వాత కొందరికి గుండె, పేగులు, చర్మం అన్నీ వాచే ఎంఐఎస్-సీ వచ్చింది. అప్పటికి ముక్కులో పీసీఆర్ చాలామందికి నెగెటివ్. 2021లో బోస్టన్ పరిశోధకులు అలాంటి పిల్లల రక్తంలో వైరస్ స్పైక్ ప్రొటీన్‌ను కనుగొన్నారు. పేగుల గోడ వదులై అక్కడ మిగిలిన వైరస్ ముక్కలు రక్తంలోకి వచ్చాయని వాళ్ల వివరణ.

కాలేయం, పేగులు

వైరస్ ఎక్కువైతే జబ్బు ఎక్కువ అన్న సూత్రాన్ని నిలువునా తోసిపుచ్చేది హెపటైటిస్ బీ. పుట్టినప్పుడు తల్లినుంచి సోకిన బిడ్డల్లో సుమారు 90 శాతానికి అది దీర్ఘకాలం ఉండిపోతుంది. రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా చూడదు గనుక వైరస్ కోట్లలో ఉన్నా కాలేయం ఏళ్ల తరబడి చెడకుండా ఉంటుంది. అదే వైరస్ మీద ఒళ్లు ఒక్కసారిగా విరుచుకుపడి కాలేయం కుప్పకూలిన బిడ్డలో వైరస్ చాలా తక్కువగా దొరకొచ్చు. అక్కడ చూడాల్సింది రక్తం గడ్డకట్టే సమయం, బిడ్డ తెలివి. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన శాన్‌వ్యాక్-బీ భారతదేశపు తొలి రీకాంబినెంట్ టీకా. దాని రాకతో హెపటైటిస్ బీ టీకా ధర సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది.

రోటావైరస్ పేగులకే పరిమితమని చాలాకాలం అనుకున్నారు. 2003లో లాన్సెట్‌లో వచ్చిన పరిశోధన విరేచనాల పిల్లల రక్తంలోనూ దాని యాంటిజెన్ సాధారణంగా ఉంటుందని చూపింది. ఆ బిడ్డ ప్రాణాన్ని నిలిపేది మాత్రం ఒంట్లో నీటిశాతం చూసి ఇచ్చే ఓఆర్‌ఎస్, జింక్. 2016లో భారత్ బయోటెక్ రోటావ్యాక్ సార్వత్రిక టీకాల కార్యక్రమంలో చేరిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

పొరపాట్లకు తావిచ్చేవి

రక్తంలో వైరస్ దొరికినంత మాత్రాన జబ్బుకు అదే కారణం కాదు. సుమారు నూరుమందిలో ఒకరికి హెచ్‌హెచ్‌వీ-6 వైరస్ జన్యువు వంశపారంపర్యంగా సొంత క్రోమోజోముల్లోనే కలిసి ఉంటుంది. వాళ్ల రక్తంలో పీసీఆర్ ఎప్పుడు చేసినా వైరస్ విపరీతంగా ఉన్నట్టే చూపుతుంది. తెలియక ఆ అంకెను నమ్మితే ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు అక్కరలేని మందులు పడతాయి.

పశ్చిమ బెంగాల్‌లోనూ, ఆంధ్ర, తెలంగాణల్లోనూ డెంగీని పోలిన స్క్రబ్ టైఫస్ ఉంది. ఇది వైరస్ కాదు, చిన్న పురుగు కాటుతో వచ్చే బ్యాక్టీరియా. ప్లేట్‌లెట్లు ఇందులోనూ పడిపోతాయి. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ వంటి మందులు వేస్తే బిడ్డ త్వరగా తేరుకుంటుంది, ఆలస్యమైతే ప్రాణం పోవచ్చు. చంకలో, గజ్జల్లో, చెవి వెనక నల్లటి మాడు మచ్చ కోసం వెతకాలి. జ్వరం వారం దాటినా దిగని బిడ్డకు డెంగీ అనే ముద్ర వేసి వదిలేయడం ఘోరం.

వైరస్‌ను వదిలి ఒంటి స్పందనను కొలిచే పరీక్షలు కూడా వస్తున్నాయి. వైరస్ సోకినప్పుడు పెరిగే ఎంఎక్స్‌ఏ ప్రొటీన్ ఒకటి. రెండే జన్యువుల చురుకుదనాన్ని బట్టి జ్వరం బ్యాక్టీరియాదా వైరస్‌దా చెప్పే పరీక్షను 2016లో ఒక పరిశోధన బృందం ప్రతిపాదించింది. ఇవి జిల్లా ఆసుపత్రులకు ఇంకా చేరలేదు. ఒంట్లో వాపును చూపే ఫెరిటిన్, సీఆర్‌పీ పరీక్షలు చేరాయి. ఫెరిటిన్ వేలల్లోకి పోతే, జ్వరం దిగకపోతే, రోగనిరోధక కణాలు అదుపు తప్పే హెచ్‌ఎల్‌హెచ్‌ను అనుమానిస్తారు. అది డెంగీలో అరుదైన, ప్రాణాంతకమైన మలుపు.

ఖరగ్‌పూర్ ప్రయోగశాల

1951లో హిజ్లీలో మొదలైన ఐఐటీ ఖరగ్‌పూర్ ఈ రంగంలో ఒక పరికరాన్ని ఇచ్చింది. సుమన్ చక్రవర్తి, అరిందమ్ మండల్ నాయకత్వంలో తయారైన కోవిరాప్, ఖరీదైన ఆర్‌టీ-పీసీఆర్ యంత్రం అవసరం లేకుండా చిన్న పెట్టెలోనే జన్యు పరీక్ష చేసి, కాగితపు పట్టీ మీద ఫలితం చూపి, ఫోన్ యాప్‌తో చదివిస్తుంది. 2020 అక్టోబరులో భారత వైద్య పరిశోధన మండలి దీన్ని కోవిడ్‌కు ఆమోదించింది. ఇదే పద్ధతిని డెంగీ, జపనీస్ ఎన్‌సెఫలైటిస్, ఇన్‌ఫ్లుయెంజా వంటి జబ్బులకు మలచవచ్చని తయారీదారులు అప్పుడే చెప్పారు.

అవునా కాదా అని చెప్పే పరీక్ష మంచిదే. పిల్లల వార్డుకు అంతకన్నా అవసరమైంది ఎంత ఉందో చెప్పేది, ఒక్కసారి కాక రోజూ చేయగలిగేంత చవకగా ఉండేది. ఒక్క స్టేషన్లో ఆగిన రైలును చూసి అది ఎటు పోతుందో చెప్పలేం, రెండు స్టేషన్లలో చూస్తే చెప్పగలం. ఒక్కనాటి వైరస్ అంకె కూడా అంతే.

తల్లిదండ్రులకు

జ్వరం మొదలైన తేదీ, పూట రాసి పెట్టుకోండి. ఆసుపత్రిలో డాక్టరు అడిగే మొదటి ప్రశ్నకు నిన్నో మొన్నో అన్న జవాబు చాలదు, ఎందుకంటే ఈ వ్యాసంలో చెప్పిన ప్రతి అంకెకూ అర్థం ఆ తేదీ నుంచే వస్తుంది. గత నెలలో శ్రీకాకుళం వెళ్లొచ్చారా, బిడ్డకు ఇంతకుముందు డెంగీ వచ్చిందా, పాత రక్తపరీక్ష చీటీ ఏదైనా ఉందా అన్నవి అడగకపోయినా చెప్పండి. బెంగాలీ రాకపోతే హిందీలో చెప్పండి, అదీ రాకపోతే చెప్పగలిగిన పక్కింటివాళ్లను వెంట తీసుకెళ్లండి. జ్వరం దిగిందని డాక్టరు వద్దన్నా వినకుండా బిడ్డను ఇంటికి తీసుకురాకండి. ఆ తర్వాతి రెండు రోజులే చూసుకోవాల్సిన రోజులు. ల్యాబులకు ఒక విన్నపం: డెంగీ రిపోర్టు మీద పాజిటివ్, నెగెటివ్ అన్న మాట పక్కనే జ్వరం ఎన్నో రోజో రాసే గడి ఒకటి అచ్చువేయండి.